మా చెల్క మీది నల్ల పక్కు

మా పెద్దబాపు దాన్ని మాడిన నేల అంటడు. ధర్మసాగర్ దిక్కు మాకు ఎకరం ఇరవై గుంటల చెల్క ఉంది, కింది ముప్పై గుంటల్లో పత్తి, కంది వేసుకుంటం, గుట్టకి ఆనుకొని ఉన్న పై ముప్పై గుంటలు నేను పుట్టకముందు నుంచి పడావే. చెల్క అన్నంక మట్టి ఎర్రగ ఉండాలె కదా, అక్కడ ఉండదు, ఎవరో మసి చల్లి నీళ్లు కొట్టి ఆరబెట్టినట్టు నల్లగ, గరుకుగ, చిన్న చిన్న బొడిపెలతోటి ఉంటది, కాలు పెడితే అప్పడం విరిగినట్టు కరకర అంటది. చిన్నప్పుడు సెలవులకి ఊరికి పోతే నేను, మా తమ్ముడు ఆ సప్పుడు కోసమే దాని మీద ఎగిరేటోళ్లం. ఇప్పుడు అది యాదికొస్తే కడుపుల ఎట్లనో అయితది. ఎందుకు అనేదే ఈ పోస్టు, కొంచెం పొడుగు ఉంటది, చివర్ల ఒక పని కూడా అడుగుత, అందుకే జర ఓపికతోటి చదవండి.

2019 ఎండకాలంల ఆ పైభాగం కూడా సాఫ్ చేయించి సీతాఫలం పెడదామని ఇంట్లో అందరం అనుకున్నం. జేసీబీ మాట్లాడినం, పొద్దున ఎనిమిదింటికి వచ్చి పదకొండు కాకముందే పని ఒడగొట్టి పోయిండు. రేగు కంప, తంగేడు పొదలు, వాటితోపాటు పైన నాలుగు వేళ్ల మందం మట్టి గీకి కిందికి తోసిండు. ఎర్రగ, చదునుగ, పండుగకి వాకిలి అలికినట్టు కనబడ్డది, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపుల పెట్టింది నేనే. ఆ ఏడు వానలకి సన్న సన్న గీతలు పడ్డయి, ఎవ్వరం పట్టించుకోలె. 2020 ఆగస్టు వానలు యాదికున్నయి కదా, హన్మకొండ, వరంగల్ కాలనీలకు కాలనీలు మునిగినయి, ఆ వానలు తగ్గినంక చెల్కకి పోయి చూస్తే ఆ గీతలన్నీ మోకాలు లోతు కోతలు అయినయి, సీతాఫలం మొక్కలు వేర్లు తేలి పక్కకి ఒరిగినయి, కింద పత్తి మీద ఎర్ర మట్టి మేట వేసింది.

మా హద్దు అవతల ఇంకొకళ్ల భూమి. అదే గుట్ట, అదే వాలు, అదే వాన. వాళ్లు హైదరాబాద్‌ల ఉంటరు కాబట్టి దాన్ని ఎవ్వరూ ముట్టలె. అక్కడ ఒక్క కోత లేదు. నల్ల పక్కు అట్లనే ఉంది, జర ఉబ్బి, ముట్టుకుంటే మెత్తగ, తడి స్పాంజి మీద చెయ్యి పెట్టినట్టు. హద్దు రాయి దగ్గర చాలాసేపు నిలబడి అటొకసారి ఇటొకసారి చూసిన. ముప్పై ఏండ్ల నుంచి చూస్తున్న నేల, ఆ నల్లటిది ఏంటిదని ఒక్కసారి కూడా ఎవ్వరినీ అడగలె.

నేను ఇంటర్ బైపీసీ పిల్లలకి బోటనీ చెప్త. నాస్టాక్ అనే సూక్ష్మజీవి బొమ్మ ఎన్నిసార్లు బోర్డు మీద గీసిన్నో లెక్కలేదు, పూసల దండ లెక్క కణాలు, మధ్యల అక్కడక్కడ పెద్ద పూస, దానికి బాణం గుర్తు పెట్టి హెటిరోసిస్ట్ అని రాస్తం, రెండు మార్కుల ప్రశ్న. ఆ రోజు అరచెయ్యంత పక్కు ముక్కని టిఫిన్ డబ్బాల పెట్టుకొని కాలేజీకి తెచ్చిన, మైక్రోస్కోప్ కింద చూస్తే బోర్డు మీద గీసిన అదే దండ, అదే పెద్ద పూస. నాకు చేతులు వణికినయి నిజంగ. మా నాయిన పంట తీసిన చెల్కల ఇది ఉంది, నేను దాన్ని జేసీబీతోటి గీకించిన.

పక్కు అనే మాట నేను పెట్టిందే, పుండు మానేటప్పుడు పైన కడతది కదా, ఆ పక్కు. ఇంగ్లీషుల బయాలజికల్ సాయిల్ క్రస్ట్ అంటరు. కానీ మన మాటే దీనికి బాగ అతికింది అనిపిస్తది, ఎందుకంటే ఇది కూడా నేల తన మీద తాను కప్పుకునే తోలు, గిచ్చితే లోపలిది కారిపోతది. మందం చూస్తే కొన్ని మిల్లీమీటర్లే. ఆ కొన్ని మిల్లీమీటర్లల్ల సైనోబాక్టీరియా ఉంటది, మన వ్యవసాయం పుస్తకాలల్ల నీలి ఆకుపచ్చ నాచు అని రాసేది అదే, ఇంకా ఆల్గే, ఫంగస్, వేరే బాక్టీరియా, జాగ కుదిరితే మాస్ అనే సన్న సన్న పచ్చ మొక్కలు, లైకెన్. లైకెన్ అంటే ఎక్కడిదో అనుకోకండి, బిర్యానీ మసాలాల వేసే రాతిపువ్వు లైకెనే, ఒక ఫంగస్, ఒక ఆల్గా కలిసి చేసుకున్న కాపురం అది.

మీకు ఎక్కడన్నా ఇట్లాంటి నల్ల నేల కనబడితే ఒక పని చేయండి. తాగే నీళ్ల బాటిల్ మూతతోటి రెండు మూతల నీళ్లు మెల్లగ పోయండి, పోసి అక్కడే కూసోండి. మొదలు ఏం కాదు, నల్లటిది ఇంకా నల్లగ అయితది. కొన్ని నిమిషాలకి ఆ నలుపు లోపలి నుంచి పచ్చదనం పైకి వస్తది. మాస్ ఉంటే ఇంకా జల్ది, ముడుచుకున్న ఆకులు మన కండ్ల ముంగటనే విప్పుకుంటయి. తర్వాత చాకు మొనతోటి చిన్న పెల్ల లేపి, వెలుతురుకి పట్టి, హ్యాండ్ లెన్స్ పెట్టి అంచుని చూడండి. ఇసుక రేణువులు కింద పడకుంట గాలిల వేలాడుతుంటయి, సాలెగూటికి మంచు బొట్లు వేలాడినట్టు. వాటిని పట్టుకున్నది సన్న దారాలు, సైనోబాక్టీరియా దారాలు, వాటి చుట్టున్న జిగురు గొట్టాలు. నేను మొదటిసారి చూసినప్పుడు ఊపిరి బిగబట్టిన, నా ఊపిరికి రేణువులు ఊగుతున్నయి కానీ రాలుత లేవు.

ఆ దారాల కథ మస్తు ఉంటది. ఎడారి నేలల్ల ఎక్కువ పని చేసేది మైక్రోకోలియస్ అనే జాతి, తాళ్లు పేనినట్టు ఎన్నో దారాలు కలిసి ఒకే జిగురు గొట్టంల ఉంటయి. నేల తడవంగనే గొట్టంల నుంచి పైకి పాకుతయి, వెలుతురు తింటయి, మట్టి ఆరుతుంటే మళ్ల కిందికి దిగుతయి. కాళ్లు లేవు, కండ్లు లేవు, నీళ్లు ఎటు పోతే అటు పోతయి, 2001లో ఫెర్రాన్ గార్సియా పిషెల్ అనే శాస్త్రవేత్త, ఇంకొకాయన కలిసి ఈ సంగతి నేచర్ పత్రికలో రాసిండ్రు. పాకిన ప్రతిసారి పాత గొట్టం వెనక వదిలేసి కొత్తది అల్లుకుంటయి. ఆ జీవి చచ్చిపోయినా గొట్టం మట్టిని పట్టుకునే ఉంటది. అంటే మన కాలు కింద విరిగిన ఆ అప్పడం ఎన్ని వానాకాలాల అల్లికనో.

నలుపు ఎందుకంటే మన ఎండ. మే నెల వరంగల్ ఎండ మీకు చెప్పేదేముంది. పైన ఉండే జాతులు తమ గొట్టాలల్ల స్కైటోనెమిన్ అనే గోధుమ రంగు పదార్థం నింపుకుంటయి, అది అల్ట్రా వయొలెట్ కిరణాలని ఆపుతది. మాడిన నేల అని మా పెద్దబాపు అనేది మాడకుండ కప్పుకున్న గొడుగు. నీళ్లు లేకపోతే అవి చావవు, ఆగిపోతయి. హెర్బేరియంల దశాబ్దాల తరబడి ఎండబెట్టి దాచిన నాస్టాక్‌ని తడిపితే మళ్ల లేచింది. వానకి డాబా మీద, చెరువు కట్ట మీద నానిన తోలు ముక్కల లెక్క నల్లగ, పచ్చగ, జిగురుగ ఉబ్బుతది చూడండి, కాలు జారుతది అని చీపురుతోటి ఊడ్చిపారేస్తం, అదే.

ఆ పెద్ద పూస, హెటిరోసిస్ట్, గాలిల నత్రజనిని పట్టి చెట్టుకు పనికొచ్చే రూపంలకి మార్చే గది. నత్రజని పట్టే ఎంజైముకి ఆక్సిజన్ తగిలితే పాడయితది, అందుకే ఆ గది గోడ మందంగ ఉంటది. మనం యూరియా బస్తా కోసం సొసైటీ ముంగట చెప్పులు లైన్ల పెట్టి నిలబడతం కదా, అదే నత్రజని. ఇది ఎక్కడో విదేశాల సంగతి అనుకునేటోళ్లకి ఇంకో మాట, వరి మళ్లల్ల ఈ నాచే నత్రజని పడుతున్నదని 1939లోనే పి.కె. డే అనే శాస్త్రవేత్త లండన్ రాయల్ సొసైటీ పత్రికల రాసిండు. 1950లో బనారస్ హిందూ యూనివర్సిటీ ఆర్.ఎన్. సింగ్, ఉత్తరప్రదేశ్‌ల ఊసర్ భూములు, అంటే మన చౌడు నేలలు, అక్కడ గట్లు పోసి వాననీళ్లు ఆపి నీలి ఆకుపచ్చ నాచుని పెరగనిచ్చి నేల బాగుచేయొచ్చని చూపెట్టిండు. డెబ్బై ఏండ్ల కింద మన దేశంలోనే జరిగిన పని. నేను ఎం.ఎస్సీ. చదివిన, నాకు ఎవ్వరూ చెప్పలె, నేను కూడా ఇన్నేండ్లు మా పిల్లలకి చెప్పలె.

లెక్కల ప్రకారం భూమి మీద నేల భాగంలో దాదాపు 12 శాతం ఈ పక్కు కప్పుకొని ఉంది. 2018లో నేచర్ జియోసైన్స్‌ల వచ్చిన పేపర్ అది, వాతావరణం మారుడు, మనం భూమిని వాడుకునే తీరు, రెండూ కలిసి రాబోయే 65 ఏండ్లల్ల దీంట్ల 25 నుంచి 40 శాతం పోతదని కూడా దాంట్ల ఉంది. ఎక్కువ భాగం ఎడారులల్లనే. మనది ఎడారి కాదు, వరంగల్ దిక్కు వాన బాగనే పడతది, అందుకే మన దగ్గర గడ్డి, చెట్టు మొలవగలిగిన ప్రతి చోట అవే నేలని కప్పేస్తయి, పక్కుకి మిగిలేది మట్టి పలుచగ ఉండే గుట్ట వాలు, మోరం నేల, బండ అంచు, పాత పడావు, కంచ. అంటే మనం పనికిరాని జాగ అని రాసుకున్న భూమే.

ఇక్కడ ఒక అనుమానం తీర్చాలె, ఎందుకంటే మా పెద్దబాపు నన్ను దీని మీదనే పట్టుకున్నడు. "బిడ్డా, నేల అట్ట కడితే మొలక ఎల్లదు, దాన్ని పలగ్గొట్టనీకే గుంటుక తోలుతం, నువ్వేమో అట్ట మంచిది అంటున్నవ్" అన్నడు. ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు నిజమే. దున్నిన చెల్కల వాన చినుకులు గట్టిగ కొడితే మట్టి గడ్డలు పగిలి సన్న మన్ను రంధ్రాలల్ల పడి పూడుకపోతది, ఎండకి బిస్కెట్ లెక్క గట్టిపడతది. దాంట్ల జీవం లేదు. నీళ్లు ఇంకనియ్యదు, మొలకని లేవనియ్యదు. "పెద్దబాపూ, రెండూ ఒకటి కాదే" అని రెండు పెల్లలు తెచ్చి ఆయన ముంగటనే నీళ్లల్ల వేసిన. చేనుల పెల్ల గ్లాసుల పడంగనే కరిగి బురద అయింది. పడావు పెల్ల అట్లనే ఉంది, చాయ్ తాగి, ముచ్చట పెట్టి, మళ్ల చూసినా పెల్ల పెల్లగనే ఉంది, అంచులు మాత్రం పచ్చబడ్డయి. ఆయన గ్లాసు చేతిలకి తీసుకొని ఎండకి పట్టి చూసిండు, ఏం అనలె. చేనుల ఈ పక్కు పెంచాలని నేను అంటలేను, దున్నే భూమిల అది బతకదు. గట్లు, పడావు, కంచ, గుట్ట వాలు, వీటి గురించే నా బాధ.

నీళ్ల సంగతిల కూడా ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలె, పక్కు ఉంటే నీళ్లన్నీ ఇంకుతయి అని కొందరు వీడియోలల్ల చెప్తరు, అంత సూటిగ లేదు. బొడిపెలు బొడిపెలుగ గరుకుగ ఉంటే నీళ్లు ఆగి ఇంకుతయి. సాపుగ పలుచగ ఉండే పక్కు మీద నీళ్లు జారిపోతయి కూడా, ఇజ్రాయెల్‌ల నెగేవ్ ఎడారిల అట్ల జారిన నీళ్లే పొదల మొదట్ల చేరి పొదలని బతికిస్తయి. ఎట్లయినా జారేది నీళ్లే, మట్టి కాదు. మా చెల్కల తేడా అదే, వాళ్ల దిక్కు నుంచి నీళ్లు వచ్చినయి, మా దిక్కు నుంచి మట్టి వచ్చింది.

పోయిన పక్కు మళ్ల రావడానికి ఎన్నేండ్లు అంటే ఒక లెక్క లేదు. వాన, మట్టి, ఎంత లోతు పోయింది అనే దాన్ని బట్టి ఉంటది. సైనోబాక్టీరియా ముందు వస్తది, కొన్ని ఏండ్లల్ల రావచ్చు, మాస్, లైకెన్ దశాబ్దాలు తీసుకుంటయి. అమెరికాల మొహావి ఎడారిల 1942లో సైన్యం ట్యాంకులతోటి ట్రైనింగ్ చేసింది, ఆ ట్యాంకు జాడలు ఇప్పటికీ నేల మీద కనబడతయి. అమెరికాలనే యూటా రాష్ట్రం దిక్కు జేన్ బెల్నాప్ అనే శాస్త్రవేత్త జీవితం అంతా ఈ పక్కు మీదనే పని చేసింది, అక్కడి పార్కులల్ల బాట దిగకండి, ఇది బతికున్న మట్టి అని బోర్డులు పెట్టిండ్రు. మన గుట్టల మీద అట్లాంటి బోర్డు ఒక్కటి చూడాలని నాకు మస్తు కోరిక.

మళ్ల తెచ్చుకోవచ్చా అని వెతుకుతుంటే చైనా కథ దొరికింది, కాజీపేట రైల్వే వాళ్లు ఉంటే మీకు ఇది నచ్చుతది. టెంగర్ ఎడారిల షాపోటౌ అనే చోట రైలు పట్టాలు వేసిండ్రు, బావుటౌ నుంచి లాన్‌జౌ పోయే లైన్, 1958లో మొదలైంది. ఇసుక దిబ్బలు నడుచుకుంట వచ్చి పట్టాలని కప్పేస్తయి. వాళ్లు ఏం చేసిండ్రంటే గోధుమ గడ్డిని మీటర్‌కి మీటర్ గళ్లు గళ్లుగ, పులిజూదం గీసినట్టు ఇసుకల నాటిండ్రు. గడ్డి జానెడు లేస్తే చాలు గాలి ఊపు తగ్గుతది, ఇసుక కదులుడు ఆగుతది. ఇసుక ఆగినంక ఎవ్వరూ పిలవకుండనే సైనోబాక్టీరియా వచ్చింది, తర్వాత మాస్, లైకెన్. గడ్డి కుళ్లిపోయింది, పక్కు నిలబడ్డది. ఇది చదివినప్పుడు నాకు అర్థమైంది, ముందు నేలని కదలకుండ ఆపాలె, వచ్చేది అదే వస్తది.

నేను మాత్రం ఆ సంగతి తెలిసేలోపే ఒక ఏడు ఖరాబు చేసిన. 2021ల మోరం తవ్వే జాగ ఒకటి దొరికింది, ఎట్లయినా తవ్వి పారేసే నేలనే కాబట్టి అక్కడి పక్కు రెండు సంచులు తెచ్చి నలిపి మా కోతల పక్కన నేల మీద చల్లిన. రోజు సాయంత్రం స్ప్రే బాటిల్‌తోటి తడిపిన, పచ్చగ అయితుంటే సంబరపడ్డ. మూడు వారాలకి పచ్చదనం రావడం ఆగిపోయింది. కారణం తర్వాత చదివితే తెలిసింది. తడవంగనే ఆ జీవి నిద్ర లేస్తది, లేచుడుకే దాచుకున్న తిండి ఖర్చు అయితది, ఆ ఖర్చు తిరిగి సంపాయించుకునేంత సేపు తడి ఉండాలె, అప్పుడే లాభం. జర తడిపి వదిలేస్తే సంపాయించకముందే ఆరిపోతది, కూలికి పిలిచి, అన్నం పెట్టకుండ, పని లేదు పో అన్నట్టు. యూటాల 2012ల వచ్చిన ఒక పరిశోధనల చిన్న చిన్న జల్లులు ఎక్కువసార్లు కొట్టి చూస్తే మాస్ పక్కు దాదాపు మొత్తం చచ్చిపోయింది. నేను ప్రేమతోటి చేసిందే దాన్ని చంపింది. మిగిలింది మొదటి పెద్ద వానకి కొట్టుకపోయింది.

2022ల పద్ధతి మార్చిన. ముసురు పట్టేదాక ఆగిన. పత్తి కట్టెని వాలుకి అడ్డంగ వరుసలు పరిచి రాళ్లు పెట్టిన, నీళ్ల ఊపు తగ్గాలని. ఆరడుగుల చదరాలు ఆరు గుర్తు పెట్టుకున్న. ఎనుమాముల మార్కెట్ దగ్గర పాత గోనె సంచులు దొరుకుతయి, జనపనారవి, ప్లాస్టిక్‌వి కాదు, వాటిని చింపి పరిచిన. రెండు చదరాలల్ల పక్కు పొడి చల్లి పైన గోనె, రెండిట్ల గోనె ఒక్కటే, రెండు అట్లనే వదిలేసిన. నీళ్లు నేను పోయలె, వాన ఎంత ఇస్తే అంత. అమెరికాల గార్సియా పిషెల్ వాళ్లు అరిజోనాల పక్కుకి నర్సరీలే పెట్టిండ్రు, నారు పోసినట్టు పెంచుతరు. అట్ల పెంచినదాన్ని బయట వేసేముందు మెల్లగ ఎండకి అలవాటు చేయాలె అని చదివిన, మనం మిర్చి నారుకి నీడ మెల్లగ తీసినట్టు. అందుకే గోనె ఒక్కసారి తీసేయలె, అది తానే పీలికలు పీలికలు అయ్యి చిల్లులు పడి, ఎండ కొంచెం కొంచెం లోపలికి పోయింది.

ఇప్పటికి మూడు వానాకాలాలు దాటినయి. పొడి చల్లి గోనె కప్పిన రెండిట్ల మొదటి దసరాకే పచ్చ మసక కనబడ్డది, రెండో ఏడు ముట్టుకుంటే గరుకు తగిలింది, ఇప్పుడు చాకుతోటి లేపితే రేణువులు వేలాడుతున్నయి. గోనె ఒక్కటే వేసినదాంట్ల కూడా వచ్చింది, పలుచగ, అక్కడక్కడ, గోనె నీడ పడ్డ అంచుల వెంబడి మాస్ మఖ్మల్ లెక్క. ఊరికే వదిలేసిన రెండిట్ల ఒకటి కోతల కలిసిపోయింది, ఇంకోటి ఇంకా ఎర్రగనే ఉంది. ఆరు చదరాలతోటి సైన్స్ అయితదని నేను అనను, కానీ నెల నెల ఫోన్‌ల ఫోటో తీసి పెట్టిన, ఎవరికన్నా కావాలంటే చూపిస్త.

గొర్ల సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మా దిక్కు ఒక కురుమ తాత మంద తోలుకొని వస్తడు, మొదలు నేను ఆయన మీద కోపానికి పోయిన, గొర్ల గిట్టలకే పక్కు పోతున్నదని. ఆయన నిమ్మళంగ విని, "ఎండకాలం ఆ నల్ల దుబ్బ మీద తోల్త లేనవ్వా, దుమ్ము లేస్తది, గొర్లు చీముకుంట దగ్గుతయి. వానలు పడి గట్టిపడ్డంక తోల్త" అన్నడు. నేను పుస్తకాలల్ల చదివింది ఇదే. ఇసుక పాలు ఎక్కువున్న నేలల పక్కు ఎండినప్పుడే పెళుసుగ ఉంటది, విరుగుతది, తడిగున్నప్పుడు వంగుతది, తట్టుకుంటది. ఆయన దగ్గర క్షమాపణ అడిగిన. గొర్ల కంటే ఎక్కువ నష్టం చేసింది బుల్డోజర్, ఇంకా బాధ అనిపించింది ఏంటిదంటే, ఒక ఏడు మొక్కలు నాటే కార్యక్రమం అని చెప్పి గుట్ట వాలు మొత్తం మిషన్‌తోటి గీకి గుంతలు తవ్విండ్రు, నీడ లేని నేలకి నీడ తెస్తం అని. మొక్కలు ఎండకి పోయినయి, గుంతల మన్ను వానకి పోయింది, అప్పటిదాక ఆ మన్నుని పట్టుకున్నది కూడా పోయింది. చెట్టు పెట్టొద్దని కాదు, బోటనీ చెప్పేదాన్ని చెట్టు వద్దు అంటనా. పెట్టే ముందు వంగి, నేలని ఒకసారి తడిపి చూడమంటున్న. పక్కు ఉంటే గుంత ఉన్నంత మేరకే తవ్వండి, మిషన్ తేకండి, నడిచే బాట ఒక్కటే పెట్టుకోండి. మా ఇంట్లో ఇప్పుడు బతుకమ్మకి తంగేడు పూవు తెంప పోయినప్పుడు అందరం బండల మీదికెళ్లే పోతం, పిల్లలకి అది ఆట అయింది, మట్టి మీద అడుగు పడితే ఔట్.

లైకెన్ మా చదరాలల్లకి ఇంకా రాలె. హద్దు రాయి అవతల ఉన్నయి, రూపాయి బిళ్లంత ఉంటయి, బూడిద రంగు, అంచులు జర ముడుచుకొని. గాలికి, నీళ్లకి తునకలు ఇటు వస్తయి, ఎప్పటికన్నా పట్టుకుంటయి అని ఎదురుచూస్తున్న.

ఇగ అడగాల్సిన పని. ఆ అవతలి భూమి అమ్ముడు పోయింది. వెంచర్ చేస్తరట. మార్చిల హద్దు రాళ్లకి సున్నం వేసిండ్రు, పోయిన వారం ప్లాట్లకి తాడు పట్టి గీతలు గీసిండ్రు. కొన్నాయనకి ఫోన్ చేసి, మీరు చదును చేసేముందు పై పొర తీసుకుంట అంటే మట్టి కావాలా అమ్మా, ఎన్ని ట్రాక్టర్లు అన్నడు, ట్రాక్టర్ వద్దు సార్, రెండు వేళ్ల మందం, చేతులతోటి తీసుకుంట అన్న. సరే అన్నడు, జూన్ మొదటి వారంల మిషన్ వస్తది, అంతలోపే తీసుకోమన్నడు, అది మంచితనమే, వద్దు అనొచ్చు.

కాబట్టి ఈ ఆదివారం, వచ్చే ఆదివారం పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాక అక్కడ ఉంట. మిరుగం కంటే ముందు, పొడిగ ఉన్నప్పుడే తీయాలె, తడి మీద తీసి మూట కడితే కుళ్లుతది. చాకు గాని సన్న తాపీ గాని పెట్టి పెల్లలు పెల్లలుగ లేపి అట్ట డబ్బాలల్ల పరచాలె, సంచిల కుక్కొద్దు, లైకెన్ ఉన్నవి వేరే డబ్బాల. మా పెద్దబాపు ఇంటి పశువుల కొట్టంల నీడకి అటక ఖాళీ చేసి ఇచ్చిండు, ముసురు పట్టేదాక అక్కడ ఉంటయి. కొట్టంల పాత గోనె సంచులు నలభై జమ చేసిన. తాపీలు నా దగ్గర నాలుగున్నయి, వచ్చేటోళ్లు ఒక్కొక్కటి తెచ్చుకుంటే మంచిది, అట్ట డబ్బాలు ఎన్ని ఉంటే అన్ని తేండి, చెప్పులు మెత్తటివి వేసుకోండి.